పెరటికోడి నుండి ఫారంకోడి వరకు: కోడిమాంసపు మితమును గూర్చిన చారిత్రక విచారము

ఉపోద్ఘాతము

నామక్కల్, సేలము, ధర్మపురి, కృష్ణగిరి పట్టణములను కలుపుకొని వచ్చు 44వ నంబరు జాతీయ రహదారి మా హోసూరు మీదుగా బెంగుళూరునకు పోవుచున్నది. తెల్లవారుజామున ఆ దారి ప్రక్కన నిలుచున్నవారికి ఒక దృశ్యము నిత్యము కానవచ్చును. ప్లాస్టిక్ బుట్టలను ఒకదానిపై నొకటి పేర్చిన లారీలు, ఒక్కొక్క బుట్టలో రెక్క విప్పుటకు చోటులేక ఒరసికొనియున్న తెల్లని కోళ్లు, లారీ పోయిన వెనుక గాలిలో తేలుచు వచ్చి పొలముల కంచెలకు చిక్కుకొను ఈకలు. ఆ దృశ్యమునకు మా కన్నులు అలవాటుపడినవి. అలవాటుపడిన దానిని గూర్చి విచారించుట మానవునకు కష్టము.

నేను ఈ ప్రాంతమందలి ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలయందు తెలుగు బోధించువాడను. ఒకనాడు నాలుగవ తరగతి పిల్లలకు పక్షుల పేర్లు చెప్పుచు, పెట్ట గ్రుడ్లను పొదుగుననియు, ఇరువది యొక్క దినములకు పిల్లలు వెలువడుననియు, అవి తల్లి వెంట తిరుగుననియు వివరించితిని. వెనుక వరుసలోనున్న ఒక బాలిక లేచి, “సార్, ఫారంకోడి పిల్లలకు అమ్మ యాడుంటుంది?” అని అడిగినది. ఆమె తండ్రికి కోళ్లషెడ్డు కలదు. కోడిపిల్లలు అట్టపెట్టెలలో లారీపై వచ్చుట ఆ పిల్ల చూచినది గాని, తల్లికోడిని ఎన్నడును చూడలేదు. ఆ ప్రశ్నకు నేను వెంటనే ప్రత్యుత్తరము చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆ బాలికకు ఆలస్యముగా చెప్పుచున్న సమాధానమని చదువరులు భావింతురుగాక.

ఇందు నేను ప్రతిపాదించు విషయము ఒక్కటే. కోడిమాంసమును మితముగా తినుట మనకు క్రొత్తగా ఎవరో విధించు నియమము కాదు. అమితముగా తినుటయే క్రొత్త. దాని వయస్సు ఏబది యేండ్లకు మించదు. పూర్వము మితమును లేమి కాపాడినది. నేడు దానిని మన వివేకమే కాపాడవలెను.

కోడి పుట్టుపూర్వోత్తరములు

నేటి పెంపుడు కోడికి ముఖ్యమైన మూలము ఎఱ్ఱ అడవికోడి అని శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఆగ్నేయాసియాయందు వరియు చిరుధాన్యములును పండించిన పల్లెల చెంతకు గింజలకై వచ్చి ఆ పక్షి మానవునకు మచ్చికయైనదని 2022లో ప్రకటింపబడిన పరిశోధనలు తెల్పుచున్నవి. థాయిలాండునందలి బాన్ నాన్ వాట్ అను చోట దొరకిన ఎముకలు క్రీస్తుపూర్వము 1650–1250 ప్రాంతము నాటివనియు, నిశ్చయముగా పెంపుడు కోడివని చెప్పదగినవానిలో అవియే మిక్కిలి ప్రాచీనములనియు ఆ పరిశోధకులు వ్రాసిరి.

మన దేశమున ఎఱ్ఱ అడవికోడి హిమాలయ పాదములనుండి తూర్పు కొండల మీదుగా ఇంచుమించు గోదావరి వరకు వ్యాపించియున్నది. అచటినుండి దక్షిణమునకు బూడిదవన్నె అడవికోడి నెలవు. పెంపుడు కోళ్ల కాళ్లకును చర్మమునకును గల పసుపువన్నె ఈ దక్షిణాది పక్షినుండి సంక్రమించినదని 2008లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుల బృందము నిరూపించినది. కావున నేడు ప్రపంచమంతటను పెరుగుచున్న కోళ్ల రక్తములో మన గోదావరికి ఈవలి అడవుల పాలు కొంత కలదని చెప్పుట అతిశయోక్తి కాదు.

తెలుగువారి వాఙ్మయమున కోడి ప్రధానముగా భోజనపదార్థముగా కాక పందెపు పక్షిగా కనబడును. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధగాథలో బ్రహ్మనాయుడు, నాగమ్మల నడుమ జరిగిన కోడిపందెము ఒక రాజ్యపు గతిని మార్చినది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామమునందు ఓరుగల్లు నగరపు వినోదములలో కోడిపోరునకు చోటు దక్కినది. కోళ్ల రంగులు, జాతులు, గెలుపోటముల వేళలు చెప్పు కుక్కుటశాస్త్రము మన భాషలో వెలసినది. మేము వచ్చి స్థిరపడిన తమిళదేశమున కోడి కుమారస్వామి ధ్వజమున నిలిచియున్నది.

కాలగణనమునకును కోడియే ఆధారము. గడియారము లేని పల్లెలో తొలికోడి కూసిన వేళ, మలికోడి కూసిన వేళ అని ప్రయాణములకును పొలము పనులకును ముహూర్తము పెట్టుకొనెడివారు. నా కోడి కూయకున్న తెల్లవారదని గర్వించిన ముసలమ్మ కథ తెలియని తెలుగువాడు లేడు. తొలికోడి అను మాట నేడు మా బడిపిల్లలకు వ్యాఖ్యానించి చెప్పవలసియున్నది. నలువది దినములు నిండిన కొన్నాళ్లకే కోతకు పోవు పక్షికి కూయు వయస్సు రాదు గదా!

మన పల్లెలలో పూర్వపు వాడుక

విజయనగర కాలమునుండియు, దాని తరువాతను, తెలుగు కుటుంబములు అనేక కులములవారు కొంగునాటికిని, సేలము, మధుర, తిరునెల్వేలి సీమలకును తరలివచ్చి స్థిరపడిరి. హోసూరు ప్రాంతమున తెలుగు అంతకంటె పాతకాపు. ఈ కుటుంబములలో మాంసాహారులైన వారి ఇండ్లయందు కోడి ఎట్లు వాడబడెడిదో తెలిసికొనుటకు గ్రంథముల కంటె పెద్దల నోటిమాటయే మనకు ఆధారము.

తొంబదియేండ్లు దాటి జీవించిన మా అవ్వను నేనొకసారి అడిగితిని, ఏడాదికి ఎన్ని కోళ్లు కోసెడివారని. ఆమె నవ్వి, “రెండు చేతుల వేళ్లు చాలు నాయనా, మిగిలిపోతాయి కూడా” అనెను. పిమ్మట లెక్క చెప్పినది. మారెమ్మ జాతరకు ఒకటి. అల్లుడు వచ్చిన ఒకటి. కోతలు ముగిసిన దినమున ఒకటి. జలుబు, జ్వరము పట్టి లేచినవానికి పులుసు కొఱకు ఒక కోడిపిల్ల. అనుకోకుండ చుట్టములు వచ్చినచో మరొకటి. ఆ ఒక్క కోడి పదిమంది కుటుంబమునకు రాగిసంగటితో కూర కావలెను. కావున ముక్కలు తక్కువ, పులుసు ఎక్కువ. మిగిలిన దినములలో అనపగింజలు, ఉలవలు, అలసందలు, కందిపప్పు, ఆకుకూరలు.

గ్రుడ్లను కూడ ఆమె విచ్చలవిడిగా వాడలేదు. కొన్ని పొదుగుటకు ఉంచి, కొన్ని సంతకు పంపి, ఆ డబ్బుతో ఉప్పు, నూనె కొనెడిది. కోళ్ల సొమ్ము ఇంటి ఆడువారి సొమ్ము. ఆ లెక్కను మగవారు అడుగరు. పెట్ట పెరటిలో పురుగులను ఏరుకొని, దంపిన చోట నూకలు తిని, గద్దనీడ కనబడగనే పిల్లలను రెక్కల క్రింద దాచుకొని, రాత్రి గంప క్రింద పండుకొని, రెండు మూడేండ్లు జీవించెడిది.

ఇట్లని పూర్వకాలమును స్వర్గముగా చిత్రించుట నా ఉద్దేశ్యము కాదు. కాళ్లకు కత్తులు కట్టి పందెము వేయుట క్రూరకర్మయే. కొక్కెర తెగులు వచ్చినప్పుడు ఊరిలోని కోళ్లన్నియు ఒక్క వారములో చచ్చెడివి. మా అవ్వ తరమువారు తక్కువగా తినుట కోడిపై దయచేత గాదు, లేమిచేతనే. పిల్లలు బలములేక సన్నగిలుటయు ఆ కాలపు సత్యమే. ఈ సంగతిని మరువక మనము విచారణ సాగింపవలెను.

జాతరకోడి, చట్టము

హింస యనగా నేమి, దానిని ఎచట నిషేధింపవలెను అను ప్రశ్న మన ప్రాంతమున ఒకసారి బహిరంగముగా తలెత్తినది. మదరాసు రాష్ట్రమున 1950లో పశుపక్షి బలుల నిషేధ చట్టము చేయబడెను. అది చిరకాలము కాగితమునకే పరిమితమై యుండెను. 2003లో తమిళనాడు ప్రభుత్వము దానిని కఠినముగా అమలుపరుపవలెనని ఆజ్ఞాపించినది. గ్రామదేవతలకు కోడిని, మేకను మ్రొక్కుకొను పల్లెలలో అలజడి పుట్టెను. 2004లో ఆ చట్టము రద్దు చేయబడెను.

ఆ వివాదమున ఎవరిది న్యాయమో తేల్చుట ఇచట అప్రస్తుతము. కాని ఒక వైపరీత్యమును గమనింపవలెను. ఏడాదికొకసారి గుడి ముందట తెగు ఒక్క కోడిని గూర్చి రాష్ట్రమంతయు తర్కించినది. అదే కాలమున అదే రాష్ట్రమున రేకుల షెడ్లలో కోట్లాది కోళ్లు పుట్టుచు చచ్చుచుండగా, వానిని గూర్చి అట్టి చర్చ చెలరేగలేదు. మనము చూచిన చావు హింసగాను, చూడని బ్రదుకు వ్యాపారముగాను తోచినది.

చట్టమే లేదని కాదు. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేలు ప్రతిపాదించిన బిల్లు బీజముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. ప్రాణికి కదలుటకు చాలినంత చోటు లేని బోనులో ఉంచుట ఆ చట్టము ప్రకారము నేరము. 2017లో భారత న్యాయసంఘము తన 269వ నివేదికను గ్రుడ్ల కోళ్లు, మాంసపు కోళ్ల నివాసము, రవాణాల విషయముననే వెలువరించినది. మాట ఉన్నది. ఆచరణమే కొఱవడినది.

క్రొత్త కోడి వచ్చిన విధము

మాంసము కొఱకే కోళ్లను మందలుగా పెంచు పద్ధతి అమెరికాయందు పుట్టినది. 1923లో డెలవేరు రాష్ట్రమున సిసిల్ స్టీలు అను గృహిణి గ్రుడ్లకై ఏబది పిల్లలను కోరగా పొరపాటున ఐదువందలు వచ్చెననియు, ఆమె వానిని పెంచి మాంసమునకు అమ్మి లాభము గడించెననియు ఆ పరిశ్రమ చరిత్రకారులు వ్రాయుదురు. రెండవ ప్రపంచయుద్ధానంతరము “రేపటి కోడి” అను పేర పోటీలు నడచి, 1948లో జాతీయ విజేత నిర్ణయింపబడెను. రొమ్ము వెడల్పుగా, ఎదుగుదల వడిగా ఉండు పక్షిని సృష్టించుటయే ఆ పోటీల లక్ష్యము.

ఇచట మన చరిత్రకు సంబంధించిన ఒక విచిత్రము కలదు. ఆ క్రొత్త పక్షి పితృవంశము కార్నిష్ అను జాతి. అది 19వ శతాబ్దమున ఇంగ్లండునందలి కార్న్‌వాల్ సీమలో, మన దేశమునుండి కొనిపోబడిన అసీలు పందెపు కోళ్ల సంకరముచేత ఏర్పడినది. అసీలు నేటికిని ఆంధ్రదేశపు ప్రసిద్ధజాతి. పందెమునకై మనవారు పెంచిన ఆ బలిష్ఠమైన రొమ్ము సముద్రములు దాటి, అమెరికాలో రూపు మారి, తిరిగి మన ఊరికే బ్రాయిలర్ అను పేర వచ్చి చేరినది.

ఆ రాకలో తెలుగువారి పాత్ర తక్కువ కాదు. హైదరాబాదునకు చెందిన బండా వాసుదేవరావుగారు 1971లో వేంకటేశ్వర హేచరీస్ సంస్థను స్థాపించిరి. గ్రుడ్ల ధరను దళారులు గాక రైతులే నిర్ణయించుకొనవలెనని 1982లో జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘము ఏర్పడుటకు ఆయనయే నాయకుడు. 1990లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది. చితికిపోవుచున్న చిన్నరైతులకు ఆ ఉద్యమము నిలువనీడ నిచ్చినదనుట నిజము. కొంగునాటియందు ఉడుమలపేట, పల్లడము ప్రాంతములు మాంసపు కోళ్లకును, నామక్కల్ గ్రుడ్లకును నిలయములైనవి. ఆ వృత్తిలో మన తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు.

ఫలితములను అంకెలలో చూతము. 1950–51లో దేశమున 183 కోట్ల గ్రుడ్లు ఉత్పత్తి కాగా, తలకు ఏడాదికి ఐదు గ్రుడ్లు వచ్చినవి. 2022–23లో 13,838 కోట్ల గ్రుడ్లు, తలకు 101. ఇందు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, తెలంగాణ రాష్ట్రముల వాటాయే సగమునకు చేరువ. అదే సంవత్సరమున దేశమునందలి మాంసపు ఉత్పత్తి 97.7 లక్షల టన్నులు కాగా, అందు సగమునకు పైగా కోళ్లది. 2019 పశుగణన ప్రకారము తమిళనాట 12.08 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 10.79 కోట్లు, తెలంగాణలో 8 కోట్లు కోళ్లు మొదలగు పెంపుడు పక్షులు ఉండినవి. దేశమునందలి 85 కోట్లలో పెరటిపక్షులు 31.7 కోట్లు మాత్రమే. తక్కినవి వ్యాపారపు షెడ్లవి. నా బాల్యమున, అనగా 1980వ దశకమున, ఆదివారమునాడు కోడిమాంసము కొనుట మా ఊర అలవాటు కాదు. నేడు అది కొనని ఆదివారము అరుదు.

షెడ్డులోని బ్రదుకు

కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయము వారు 1957 నాటి జాతిని, 2005 నాటి జాతిని ఒకే మేతపై ప్రక్కప్రక్కన పెంచి చూచిరి. 2014లో ప్రకటింపబడిన ఆ పరిశోధన ప్రకారము, 56 దినముల వయస్సున పాతజాతి పక్షి 905 గ్రాములు తూగగా, క్రొత్తజాతి పక్షి 4,202 గ్రాములు తూగినది. నాలుగున్నర రెట్లకు పైగా! మేత వేరు కాదు, పక్షియే వేరు. ఆ వేగమును గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు అందుకొనలేవు. కొన్ని కడుపున నీరు చేరి చచ్చును. కొన్ని తమ బరువును తామే మోయలేక కూలబడును. ఐదారేండ్లు బ్రదుకగల జాతిది ఇప్పుడు ఆరు వారముల ఆయుర్దాయము.

గ్రుడ్ల కోడి గతి వేరు. దాని యౌవనమంతయు తీగెల బోనులో గడచును. అందు దాని వంతునకు వచ్చు చోటు మన బడిలో ప్రశ్నపత్రము అచ్చువేయు కాగితపు వైశాల్యము కంటెను తక్కువ. అది రెక్క చాపజాలదు, దుమ్ములో పొర్లజాలదు, గూడు వెదకజాలదు. పొడుచుకొనకుండుటకై ముక్కుకొన కత్తిరింతురు. గ్రుడ్లజాతి పుంజుపిల్లలు గ్రుడ్లు పెట్టవు, మాంసమునకు లాభకరములు కావు. కావున అనేక హేచరీలలో అవి పుట్టిన దినముననే చంపబడుచున్నవి. ఐరోపా సంఘము ఇట్టి ఇఱుకు బోనులను 2012 జనవరి 1 నుండి నిషేధించినది. మార్పు అసాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది.

ఆ బాలిక ప్రశ్నకు సమాధానము ఇదియే. ఆ పిల్లలకు తల్లి ఉన్నది. ఎచటనో దూరమున వేరొక షెడ్డులో గ్రుడ్డు పెట్టినది. ఆ గ్రుడ్డును యంత్రము పొదిగినది. తల్లి పిల్లను చూడలేదు, పిల్ల తల్లిని చూడలేదు.

నేల, నీరు, రోగము

ఒక కిలో బరువు పెరుగుటకు మాంసపు కోడి ఇంచుమించు ఒకటిన్నర మొదలు రెండు కిలోల మేత తినును. ఆ మేత ప్రధానముగా మొక్కజొన్న, సోయాచిక్కుడు. పెరటికోడి మన ఇంట రాలిన గింజలను ఏరుకొని బ్రదికినది. ఫారంకోడికై ప్రత్యేకముగా పొలములు దున్నవలెను, ఎరువులు వేయవలెను, నీరు పాఱింపవలెను. ప్రపంచమందలి పెంపుడు పక్షుల మొత్తపు బరువు, అడవిపక్షులన్నింటి బరువు కంటె ఇంచుమించు మూడు రెట్లని 2018లో ఒక శాస్త్రీయ గణన తేల్చినది. ఆకాశమున తిరుగు పక్షిలోకము కంటె మన షెడ్లు బరువైనవి!

న్యాయముగా రెండవ పక్షమును కూడ చెప్పవలెను. 2018లో ప్రకటింపబడిన మరియొక ప్రపంచవ్యాప్త పరిశోధనలో, నూరు గ్రాముల మాంసకృత్తులు ఉత్పత్తిచేయుటకు వెలువడు తాపకారక వాయువులను సగటున లెక్కించిరి. మాంసపు మందల గొడ్డుమాంసమునకు 50 కిలోలు, గొఱ్ఱె, మేక మాంసమునకు 20, కోడిమాంసమునకు 5.7, పప్పుధాన్యములకు ఒక కిలో కంటె తక్కువ. కావున కోడిని మాని మేకను పట్టినవానివలన భూమికి మేలు లేదు. మేకను మాని కోడిని పట్టినవాడు భూమికి కొంత మేలు చేయునేమో గాని, ఒక మేక మాంసమునకు ఎనిమిది పది కోళ్లు చావవలెను గనుక ప్రాణుల బాధ హెచ్చును. ఈ రెండు దోషములును లేని మార్గము పప్పుగింజయే. అది మన వంటింట పూర్వమునుండియు ఉన్నదే.

రోగభయము వేరు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రమందలి నవాపూర్‌లో మన దేశమున మొదటిసారిగా కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినది. లక్షలాది కోళ్లను చంపి పూడ్చిరి. 2025లో గోదావరి జిల్లాల షెడ్లలో అది మరల ప్రబలినది. అదే సంవత్సరము నరసరావుపేటలో రెండేండ్ల పసిపాప ఆ వ్యాధికి బలియైనది. 2014లో ఢిల్లీ ప్రాంతమున పరీక్షించిన 70 కోడిమాంసపు నమూనాలలో 40 శాతమునందు యాంటీబయాటిక్ మందుల అవశేషములు కనబడినవి. మానవునకు కడపటి ఆధారముగా దాచుకొనవలసిన కొలిస్టిన్ అను మందును కోళ్లకు వాడరాదని 2019లో కేంద్రప్రభుత్వము నిషేధించినది. వేలాది పక్షులు ఒక్క కప్పు క్రింద కిక్కిరిసియున్న చోట మందు లేక మంద నిలుచుట కష్టము. మందునకు లొంగని క్రిమి పుట్టినచో అది కోడికే పరిమితము కాదు.

ఎదురు వాదములు

మొదటిది, పేదపిల్లల బలము. ఇది తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. మా బడిలో మధ్యాహ్న భోజనమున గ్రుడ్డు వడ్డించునప్పుడు పిల్లల మొగములు నేను ప్రతిదినము చూచుచున్నాను. కొందఱికి ఆ దినమున బలమైన ఆహారము అదియొక్కటే. ఆ పళ్లెములోని గ్రుడ్డును తీసివేయుమని చెప్పు అధికారము కడుపు నిండినవారికి లేదు. మితము ఎవరికి చెప్పవలెననగా, వారమునకు నాలుగు దినములు తినుచు, పెండ్లివిందులో సగము ముక్కలు ఆకుపై వదలి లేచువారికి చెప్పవలెను. అందు నేనును ఒకడను.

రెండవది, రైతు జీవనము. మా బంధువులలో ఒకరు బ్యాంకు అప్పు తెచ్చి ఐదువేల కోళ్లకు షెడ్డు వేసిరి. పిల్లలు, మేత, మందులు ఒక కంపెనీవి. స్థలము, నీరు, కరెంటు, చాకిరి ఈయనవి. కిలోకు ఇంతయని కూలి. కోడి ఈయనది కాదు, ధర నిర్ణయించునది ఈయన కాదు. ఒక వేసవిలో ఎండదెబ్బకు రెండు దినములలో ఎనిమిదివందల కోళ్లు పోయినవి. ఆ దఫా కూలి కరెంటు బిల్లునకు చాలలేదు. “బాబాయ్, నీ కోళ్లకు నీవు యజమానివా, కాపలావాడివా?” అని నేనడుగగా, “షెడ్డుకు యజమానిని, అప్పుకు యజమానిని. కోళ్లకు మాత్రం కాదురా” అనెను. విస్తరించుచున్న ఈ పరిశ్రమ ఆయనను ధనవంతుని చేయలేదు. తక్కువ కోళ్లను చోటిచ్చి పెంచి, ఒక్కొక్కదానికి తగిన ధర పొందు పద్ధతియే ఆయనకును మేలు. కాని ఆ ధర మనము చెల్లింపవలెను. చౌకగా కావలెను, ఎక్కువగా కావలెను, దయగా పెరుగవలెను అను మూడు కోరికలును ఒక్క కోడిపై నెగ్గవు.

మూడవది, ఒక్కరు మానినంతమాత్రమున నేమగునని. పరిశ్రమ పుట్టినదే ఒక్కొక్కరి ఆదివారపు కొనుగోలువలన. ఒక్కొక్కరి కొనుగోలువలన పెరిగినది ఒక్కొక్కరి మితమువలననే తగ్గవలెను.

కర్తవ్యము

ఈ సంచికను చదువు తెలుగు సంఘములవారికి నా మనవి స్వల్పము. శాకాహారులు కండని ఎవరిని నిర్బంధించుట లేదు. కోడిని మరల విశేషదినపు వంటకముగా చేయుదము. వారమున నాలుగు దినములు తినువారు ఒక దినమునకు తగ్గింతురుగాక. సంఘముల వార్షికోత్సవపు విందులలో కోడిపలావునకు బదులు రాగిసంగటి, అనపగింజల పులుసు, ఉలవచారు వడ్డించినచో, మన పిల్లలు పూర్వుల వంటను నాలుకతోనే నేర్తురు. తినునప్పుడు వీలైనంతవరకు పెరటిలో తిరిగిన కోడిని, తెలిసినవారి వద్ద, తగిన ధర యిచ్చి కొందము. పెరటి పెంపకమునకు అనువుగా హైదరాబాదునందలి కోళ్ల పరిశోధనాలయము రూపొందించిన వనరాజ వంటి జాతులు ఉన్నవి. పల్లెలోని స్త్రీలకు అవి మరల తమ సొంత సొమ్ము కాగలవు. కేవలము నాటుకోడి అను పేరును నమ్మరాదు. నేడు ఆ పేరుతోనే షెడ్లలో క్రిక్కిరిసి పెరుగుచున్న కోళ్లును కలవు.

దూరదేశమున స్థిరపడిన మనము పూర్వులనుండి భాషను నిలుపుకొనుటకు శ్రమించుచున్నాము. వారి మాటలలో పొదుగుట, గంప, తొలికోడి అనునవి ఉన్నవి. వారి మితము కూడ ఉన్నది. వారికది లేమి నేర్పిన మితము. మనకు కలిమిలో నేర్చుకొనవలసిన మితము. ఇదియే కష్టతరము, ఇదియే గౌరవకరము.

ఈ పర్యాయము వేసవి సెలవులలో ఆ తరగతి పిల్లలను మా ఇంటి పెరటికి రమ్మని పిలిచితిని. మా పెట్ట పదునొకండు గ్రుడ్లపై పొదిగియుండెను. తొమ్మిది పిల్లలు వెలువడినవి. షెడ్డుగలవారి ఆ బాలిక గంప ప్రక్కన కూర్చుండి చిరకాలము చూచినది, ఏమియు మాటలాడలేదు. తల్లికోడి పిలువగా పిల్లలన్నియు రెక్కల క్రింద దూరినప్పుడు మాత్రము, “వీటికి అమ్మ ఉంది సార్” అని నాతో మెల్లగా పలికినది.

విజ్ఞులు ఈ విషయమును పరిశీలించి, తమ తమ ఇండ్లలో తగిన నిర్ణయము చేసికొందురుగాక.